బంగ్లాదేశ్‌లో లౌకికవాదం

బంగ్లాదేశ్ 1971లో స్వతంత్ర దేశమైంది. మతం పేరిట ఏర్పడిన పాకిస్తాన్ నుంచి భాష, సంస్కృతి, ప్రజాస్వామిక హక్కుల కోసం పోరాడి విడిపోయింది. మరుసటి ఏడాది రాసుకున్న రాజ్యాంగంలో లౌకికవాదాన్ని నాలుగు మూల సూత్రాల్లో ఒకటిగా చేర్చుకుంది. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు సుమారు 91 శాతం, హిందువులు దాదాపు 8 శాతం. మిగిలినవారు బౌద్ధులు, క్రైస్తవులు, ఇతరులు. గడిచిన అర్ధ శతాబ్దిలో సైనిక పాలకులు ఆ సూత్రాన్ని రాజ్యాంగం నుంచి తొలగించారు, తర్వాత కోర్టులు, పార్లమెంటు తిరిగి చేర్చాయి. ఈ మధ్యకాలంలో రచయితలు, ప్రచురణకర్తలు, గాయకులు, పూజారులు, సూఫీ సాధకులు హత్యలకూ దాడులకూ గురయ్యారు. అయినా లౌకిక భావన ఆ దేశంలో చావలేదు. ప్రభుత్వాలు దానికి ఇచ్చిన కాపుదల తక్కువ. దాడి జరిగిన చోటికే మళ్లీ మళ్లీ వచ్చి నిలబడిన మామూలు మనుషులే దాన్ని ఎక్కువగా కాపాడారు. ఆ చరిత్రలోని ముఖ్య ఘట్టాలనూ, అందులోని వైరుధ్యాలనూ ఈ వ్యాసం సమీక్షిస్తుంది.

పూర్వరంగం

తూర్పు బెంగాల్‌లో మతాల హద్దులు చెరిపే ఆలోచన బయటి నుంచి వచ్చింది కాదు. కుష్ఠియా ప్రాంతంలో జీవించి 1890లో కన్నుమూసిన లాలన్ ఫకీర్, కులాన్నీ మతాన్నీ ప్రశ్నించే పాటలను పల్లెపల్లెకూ చేర్చారు. ఆయనది ఏ మతమని అడిగినవారికి ఇప్పటికీ కచ్చితమైన జవాబు లేదు. బావుల్ గాయకులు ఆ సంప్రదాయాన్ని నేటికీ పాడుతూనే ఉన్నారు.

చదువుకున్న ముస్లింలలో హేతుచింతనకు తొలి వేదిక 1926లో ఢాకాలో ఏర్పడిన ముస్లిం సాహిత్య సమాజం. అబుల్ హుస్సేన్, కాజీ అబ్దుల్ వదూద్, కాజీ మొతహర్ హుస్సేన్ వంటివారు దాన్ని నడిపారు. బుద్ధి విముక్తి ఉద్యమంగా పేరుపడిన ఈ కృషికి ‘శిఖా’ పత్రిక గొంతుగా నిలిచింది. ఆచారాన్ని ప్రశ్నించినందుకు ఛాందసులు అబుల్ హుస్సేన్ చేత క్షమాపణ పత్రం రాయించుకున్నారు.

పల్లెల్లోనూ అలాంటి ధైర్యవంతులు ఉన్నారు. బరిసాల్ దగ్గర లామ్‌చరీ గ్రామానికి చెందిన పేద రైతు ఆరజ్ అలీ మాతుబ్బర్ బడి చదువు దాదాపు లేనివారు. 1932లో తల్లి చనిపోయినప్పుడు ఆమె ముఖం గుర్తుగా ఉంచుకోవాలని ఫొటో తీయించారు. ఫొటో తీసినందుకు మత పెద్దలు అంత్యక్రియల ప్రార్థన చేయడానికి నిరాకరించారు. పిడికెడు మందితో తల్లిని ఖననం చేసిన ఆ కొడుకు, ఆనాటి నుంచి పట్టుబట్టి చదువుకున్నారు. బరిసాల్ గ్రంథాలయాల్లో పుస్తకాలు తెచ్చుకుని, పొలం పని ముగిశాక చదివి, ‘సత్యేర్ సంధాన్’ అనే తాత్విక గ్రంథం రాశారు. ఊళ్లో సొంత డబ్బుతో గ్రంథాలయం పెట్టారు. 1985లో మరణించేనాటికే తన దేహాన్ని వైద్య కళాశాలకు రాసిచ్చారు.

భాషోద్యమం

పాకిస్తాన్ ఏర్పడిన కొద్ది నెలలకే తూర్పు భాగంలో అసంతృప్తి మొదలైంది. 1948 ఫిబ్రవరి 25న పాకిస్తాన్ రాజ్యాంగ సభలో ధీరేంద్రనాథ్ దత్తా ఒక సవరణ పెట్టారు. సభా వ్యవహారాల్లో ఉర్దూ, ఇంగ్లిష్‌లతో పాటు బంగ్లా కూడా ఉండాలన్నది ఆయన కోరిక. దేశ జనాభాలో ఎక్కువమంది మాట్లాడే భాషకు స్థానం అడిగితే, ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ దాన్ని దేశ ఐక్యతకు ముప్పుగా చూశారు. సవరణ వీగిపోయింది. మరుసటి నెలలో ఢాకాకు వచ్చిన జిన్నా ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించారు.

1952 ఫిబ్రవరి 21న ఢాకాలో నిషేధాజ్ఞలను ధిక్కరించిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. సలామ్, బర్కత్, రఫీక్, జబ్బార్ అమరులయ్యారు. వైద్య విద్యార్థులు రాత్రికి రాత్రే ఒక స్మారక స్తంభం కట్టారు. పోలీసులు రోజుల వ్యవధిలోనే దాన్ని కూల్చేశారు. తర్వాత శాశ్వతంగా కట్టిన షహీద్ మినార్‌ను 1971లో పాకిస్తాన్ సైన్యం పడగొట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడే మళ్లీ లేపారు. ప్రతి ఫిబ్రవరి 21న జనం చెప్పులు విడిచి, పూలు పట్టుకుని, అబ్దుల్ గఫార్ చౌధురి రాసి అల్తాఫ్ మహ్మూద్ స్వరపరచిన పాట పాడుతూ అక్కడికి నడిచి వెళతారు. ఆ వరుసలో ముస్లిం, హిందూ, బౌద్ధ, క్రైస్తవ భేదం ఉండదు. ఆ స్వరకర్తను 1971 ఆగస్టులో సైన్యం ఇంటి నుంచి పట్టుకుపోయింది, ఆయన తిరిగి రాలేదు. 1999లో యునెస్కో ఫిబ్రవరి 21ని అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది.

ఈ ఉద్యమం రాజకీయాలను మార్చింది. 1949లో అవామీ ముస్లిం లీగ్‌గా పుట్టిన పార్టీ 1955లో తన పేరులోంచి ‘ముస్లిం’ అనే మాటను తీసేసింది. 1964 జనవరిలో హిందువులపై అల్లర్లు చెలరేగినప్పుడు ఢాకా మేధావులు, పత్రికా సంపాదకులు ఒక్కటై, తూర్పు పాకిస్తాన్ ఎదురుతిరిగి నిలబడాలని కరపత్రం వేశారు. పెద్ద పత్రికలు దాన్ని మొదటి పేజీలో అచ్చేశాయి. కవి నజ్రుల్ ఇస్లాం సాహిత్యంపై పనిచేసిన అమీర్ హుస్సేన్ చౌధురి ఆ అల్లర్లలో హిందువులను కాపాడబోయి ప్రాణాలు కోల్పోయారు.

1971 యుద్ధం

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. హిందూ విద్యార్థులు ఉండే జగన్నాథ్ హాల్ తొలి లక్ష్యాల్లో ఒకటి. మానవతావాదాన్ని బోధించిన తత్వశాస్త్ర ఆచార్యుడు గోవింద చంద్ర దేవ్ ఆ దాడిలో హతులయ్యారు. ఢాకా నడిబొడ్డున ఉన్న రమ్నా కాళీ ఆలయాన్ని సైన్యం నేలమట్టం చేసింది. భాష కోసం మొదటి సవరణ పెట్టిన ధీరేంద్రనాథ్ దత్తాను 84వ ఏట, మార్చి 29 రాత్రి, కొమిల్లాలోని ఇంటి నుంచి కొడుకుతో సహా తీసుకెళ్లి చిత్రహింసలు పెట్టి చంపారు.

యుద్ధంలో మరణించినవారి సంఖ్య 30 లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెబుతుంది. పరిశోధకుల అంచనాలు వేరువేరుగా ఉన్నాయి. సుమారు కోటి మంది భారత్‌కు శరణార్థులుగా వచ్చారు. ఓటమి ఖాయమైన వేళ, డిసెంబరు 14 ప్రాంతంలో, సైన్యానికి తోడుగా ఉన్న అల్ బదర్ దళాలు పేర్ల జాబితాలు పట్టుకుని మేధావుల ఇళ్ల తలుపులు తట్టాయి. నాటకకర్త మునీర్ చౌధురి, నవలాకారుడు షహీదుల్లా కైసర్, హృద్రోగ వైద్యుడు ఫజ్లే రబ్బీ, పాత్రికేయురాలు సెలీనా పర్వీన్ వంటి వారెందరినో అలా మాయం చేశారు. కొత్త దేశానికి ఆలోచన నేర్పవలసినవారు లేకుండా పోవాలన్నదే ఆ పథకం.

1972 రాజ్యాంగం

రాజ్యాంగ సభ 1972 నవంబరు 4న ఆమోదించిన రాజ్యాంగం డిసెంబరు 16న అమల్లోకి వచ్చింది. జాతీయవాదం, సోషలిజం, ప్రజాస్వామ్యం, లౌకికవాదం అందులోని మూల సూత్రాలు. 12వ అధికరణం లౌకికవాదాన్ని నాలుగు పనులుగా విడమరిచింది: మతతత్వాన్ని అన్ని రూపాల్లో తొలగించడం, రాజ్యం ఏ మతానికీ రాజకీయ హోదా ఇవ్వకపోవడం, రాజకీయాల కోసం మతాన్ని దుర్వినియోగం చేయనివ్వకపోవడం, మతం కారణంగా ఎవరినీ వివక్షకు గురిచేయకపోవడం. మతం ఆధారంగా పార్టీలు పెట్టడాన్ని 38వ అధికరణం నిషేధించింది. మతం మనిషికి సొంతం, రాజ్యం అందరికీ ఉమ్మడి అన్నదే ఈ అధికరణాల సారాంశం.

ఆ రాజ్యాంగంలోనూ లోపం ఉంది. పౌరులందరూ బెంగాలీలే అన్న నిర్వచనాన్ని చిట్టగాంగ్ కొండ ప్రాంత ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లార్మా సభలోనే వ్యతిరేకించి బయటికి నడిచారు. చక్మా, మార్మా వంటి ఆదివాసీ జాతులకు అందులో చోటు లేకపోయింది. కొండల్లో రెండు దశాబ్దాలకు పైగా సాయుధ పోరు సాగి, 1997 డిసెంబరు 2న శాంతి ఒప్పందం కుదిరింది. మత సమానత్వం మాట్లాడిన దేశం జాతుల సమానత్వాన్ని మరచిందన్న విమర్శ నేటికీ నిజమే.

సైనిక పాలనలో వెనుకడుగు

1975 ఆగస్టు 15న స్వాతంత్ర్యోద్యమ నేత, దేశాధ్యక్షుడు ముజీబుర్ రహమాన్‌ను కుటుంబ సభ్యులతో సహా సైనికాధికారులు చంపారు. తర్వాత అధికారంలోకి వచ్చిన సైనికాధికారి జియావుర్ రహమాన్ 1977లో ఒక ప్రకటన ద్వారా లౌకికవాదాన్ని తీసేసి, దాని స్థానంలో అల్లాపై సంపూర్ణ విశ్వాసం అన్న వాక్యాన్ని చేర్చారు. 12వ అధికరణం రద్దయింది. మతపార్టీలకు తలుపులు తెరుచుకున్నాయి. 1979లో ఐదో సవరణ వీటన్నిటికీ చట్టబద్ధత ఇచ్చింది. 1988 జూన్‌లో మరో సైనిక పాలకుడు ఎర్షాద్ ప్రభుత్వం ఎనిమిదో సవరణతో ఇస్లాంను రాజ్యమతం చేసింది. ప్రజల ఓటుతో రాని పాలకులకు మతం ఆమోద ముద్రగా పనికొచ్చింది.

ఎనిమిదో సవరణపై కవయిత్రి సూఫియా కమాల్ సహా 15 మంది ప్రముఖులు అదే ఏడాది హైకోర్టుకెక్కారు. హిందూ, బౌద్ధ, క్రైస్తవ ఐక్య మండలి కూడా ఆ ఏడాదే పుట్టింది. ఆ పిటిషన్ 28 ఏళ్లు మూలన పడి ఉండి, 2016 మార్చిలో కొద్ది నిమిషాల్లో కొట్టివేతకు గురైంది.

పాట, పండుగ, పుస్తకం

రాజ్యాంగంలో లౌకికవాదం లేని ఏళ్లలో దాన్ని ప్రజా జీవితంలో నిలిపింది సాంస్కృతిక సంఘాలే. వాటి మూలాలు పాకిస్తాన్ కాలంలోనే ఉన్నాయి. 1961లో రవీంద్రుని శతజయంతిని ప్రభుత్వ ప్రతికూలత నడుమ జరిపిన ఉత్సాహంలోంచి ఛాయానట్ అనే సంగీత సంస్థ పుట్టింది. సూఫియా కమాల్, సన్జీదా ఖాతూన్, వాహీదుల్ హక్ దానికి ఆయువుపట్లు. 1967లో పాకిస్తాన్ ప్రభుత్వం రేడియోలో రవీంద్ర సంగీతానికి అడ్డుకట్ట వేయబోయింది. అదే ఏడాది ఛాయానట్ బెంగాలీ సంవత్సరాదిని ఢాకా రమ్నా పార్కులోని పెద్ద చెట్టు కింద, సూర్యోదయ వేళ, బృందగానంతో మొదలుపెట్టింది. తెల్లవారకముందే ఎర్రంచు తెల్లచీరల్లో ఆడవాళ్లు, కుర్తాల్లో మగవాళ్లు, భుజాలపై పిల్లలు, ఇలా కుటుంబాలు కుటుంబాలుగా తరలివచ్చే ఆ పండుగకు మతం లేదు. పంటలెక్కల నుంచి పుట్టిన సంవత్సరాది అది. రైతుకూ వ్యాపారికీ అందరికీ కొత్త ఖాతా తెరుచుకునే రోజు.

2001 ఏప్రిల్ 14న ఆ చెట్టు కింద పాటలు సాగుతుండగా బాంబులు పేలాయి. పది మంది చనిపోయారు. హర్కతుల్ జిహాద్ ఉగ్రవాదులు వాటిని ముందే అక్కడ పెట్టి ఉంచారు. అంతకు రెండేళ్ల ముందు, 1999 మార్చి 6న, జెస్సోర్‌లో ఉదీచీ సాంస్కృతిక సంస్థ సభలోనూ బాంబులు పేలి పది మంది ప్రాణాలు పోయాయి. రమ్నా పేలుళ్ల తర్వాతి ఏడాది ఛాయానట్ అదే చెట్టు కింద అదే వేళకు పాట మొదలుపెట్టింది, జనం వచ్చారు. యుద్ధం జరిగిన 1971లోనూ, కోవిడ్ కాలంలోనూ తప్ప ఆ వేడుక ఆగలేదు. ఉదీచీ కూడా పాడటం మానలేదు. బాంబు పెట్టినవాడు కోరుకున్నది ఆ చోటు ఖాళీ కావాలని. వాడి కోరిక నెరవేరనివ్వకపోవడమే అక్కడ చేరిన ప్రతి ఒక్కరి జవాబు. 1989లో ఢాకా లలిత కళల విద్యార్థులు సైనిక పాలనపై నిరసనగా మొదలుపెట్టిన కాగితపు బొమ్మల ఊరేగింపు, మంగళ శోభాయాత్ర పేరుతో 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

పుస్తకానికీ ఇలాంటి కథే ఉంది. 1972 ఫిబ్రవరిలో చిత్తరంజన్ సాహా అనే ప్రచురణకర్త బంగ్లా అకాడమీ ఆవరణలో చాప పరిచి 32 పుస్తకాలు పెట్టి అమ్మారు. యుద్ధకాలంలో కలకత్తాలో తలదాచుకున్న రచయితల పుస్తకాలవి. ఆ చాప మీంచి ఎదిగినదే ఫిబ్రవరి నెలంతా సాగే నేటి ఏకుశే పుస్తక ప్రదర్శన.

ప్రజా న్యాయస్థానం నుంచి షాబాగ్ దాకా

1971లో పాకిస్తాన్ సైన్యానికి సహకరించినవారు తర్వాతి ప్రభుత్వాల కాలంలో నేతలుగా తిరిగొచ్చారు. దీన్ని సహించలేని ఒక తల్లి 1992 జనవరిలో ఉద్యమం మొదలుపెట్టారు. ఆమె పేరు జహానారా ఇమామ్. పెద్దకొడుకు రూమీని 1971 ఆగస్టులో సైన్యం పట్టుకుపోయింది. విజయానికి మూడు రోజుల ముందు భర్త మరణించారు. ఆ రోజుల దినచర్యగా ఆమె వెలువరించిన ‘ఏకాత్తరేర్ దిన్‌గులి’ బెంగాలీ ఇళ్లలో తరతరాలు చదివే పుస్తకమైంది. నోటి క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆమె 1992 మార్చి 26న ఢాకాలోని సుహ్రవర్దీ ఉద్యానంలో ప్రజా న్యాయస్థానం జరిపి, జమాతే ఇస్లామీ నేత గులాం ఆజంపై ప్రతీకాత్మక విచారణ నడిపించారు. ప్రభుత్వం ఆమె సహా 24 మందిపై రాజద్రోహం కేసు పెట్టింది. 1994లో ఆమె మరణించేనాటికీ ఆ కేసు తొలగిపోలేదు.

2010లో యుద్ధ నేరాల ట్రిబ్యునల్ ఏర్పడింది. 2013 ఫిబ్రవరి 5న జమాతే ఇస్లామీ నేత అబ్దుల్ ఖాదర్ మొల్లాకు యావజ్జీవం పడటంతో, శిక్ష చాలదంటూ బ్లాగర్ల పిలుపుపై వేలమంది యువత షాబాగ్ కూడలిలో చేరారు. జమాతే ఇస్లామీని నిషేధించాలన్నారు. మతరాజకీయం వద్దని చెప్పడానికి ఒక తరమంతా వీధిలోకి రావడం ఆ ఉద్యమ ఘనత. న్యాయాన్ని ఉరిశిక్షతో కొలవడం దాని బలహీనత. తీర్పు తర్వాత చట్టాన్ని మార్చడాన్నీ, విచారణల తీరునూ అంతర్జాతీయ మానవ హక్కుల సంఘాలు తప్పుపట్టాయి. మొల్లాను ఆ డిసెంబరులో ఉరితీశారు. మరోవైపు హిఫాజతే ఇస్లాం అనే మదరసాల కూటమి దైవదూషణకు మరణశిక్ష సహా 13 డిమాండ్లతో ఢాకాను ముట్టడించింది. మే 5 రాత్రి భద్రతా దళాలు ఆ జనాన్ని చెదరగొట్టినప్పుడు పలువురు చనిపోయారు. వారి ప్రాణాల లెక్క అడగడం కూడా లౌకికవాదుల బాధ్యతే.

రచయితలపై కత్తి

రచయితలపై దాడులు అంతకు ముందే మొదలయ్యాయి. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత బంగ్లాదేశ్ హిందువులపై జరిగిన దాడుల నేపథ్యంలో తస్లీమా నస్రీన్ రాసిన ‘లజ్జ’ను 1993లో ప్రభుత్వం నిషేధించింది. తలకు వెల కట్టినవారిని వదిలి ఆమెపైనే కేసు పెట్టడంతో 1994లో ఆమె దేశం విడిచారు. ఆమెపై ద్వేషం సరిహద్దు దాటి హైదరాబాద్‌కూ వచ్చింది. 2007 ఆగస్టు 9న ఆమె నవల ‘శోధ్’ తెలుగు అనువాదం ఆవిష్కరణ సభలో మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు ఆమెపై దాడికి దిగారు. పుస్తకాలూ పూలగుత్తులూ విసిరారు. సభలో ఉన్నవారూ పాత్రికేయులూ అడ్డుపడి ఆమెను కాపాడారు. ఈ వ్యాసంలోని సమస్య తెలుగు నేలకు పరాయిది కాదనడానికి ఆ రోజు చాలు.

2004 ఫిబ్రవరి 27న రచయిత, భాషాశాస్త్రవేత్త హుమాయూన్ ఆజాద్‌ను పుస్తక ప్రదర్శన నుంచి ఇంటికి వెళుతుండగా నరికారు. అప్పటికి బతికినా ఆగస్టులో జర్మనీలో మరణించారు. పదకొండేళ్ల తర్వాత, 2015 ఫిబ్రవరి 26న, అదే ప్రదర్శన నుంచి బయటికి వచ్చిన అభిజిత్ రాయ్‌ని దాదాపు అదే చోట చంపారు. అమెరికాలో ఇంజనీరుగా స్థిరపడిన ఆయన ‘ముక్తమన’ వేదిక ద్వారా బంగ్లాలో విజ్ఞానశాస్త్రం, హేతువాదం రాసేవారు. అడ్డుపడిన భార్య రఫీదా బన్యా అహ్మద్ తీవ్రంగా గాయపడి బొటనవేలు కోల్పోయారు. కోలుకున్నాక ఆమె ప్రపంచ వేదికలపై మాట్లాడుతూనే ఉన్నారు.

ఆ ఏడాదే వాషికుర్ రహమాన్, అనంత విజయ్ దాస్, నిలయ్ నీల్ ఒకరి తర్వాత ఒకరు హతులయ్యారు. వాషికుర్‌ను నడివీధిలో చంపి పారిపోతున్న ఇద్దరిని అక్కడే ఉన్న హిజ్రాలు వెంటాడి పట్టుకున్నారు. సమాజం పక్కకు నెట్టినవారే ఆ పౌర ధర్మం నెరవేర్చారు. అక్టోబరు 31న అభిజిత్ పుస్తకాల ప్రచురణకర్త ఫైసల్ ఆరెఫిన్ దీపన్‌ను ఆయన కార్యాలయంలోనే చంపారు. దీపన్ తండ్రి, ఢాకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అబుల్ కాసిం ఫజ్లుల్ హక్, కొడుకు శవం చూసిన రోజునే తాను విచారణ కోరడం లేదని, అన్ని పక్షాలకూ మంచి బుద్ధి కలగాలని అన్నారు. ప్రతీకారం అడగని ఆ మాట ఎన్నో తీర్పుల కంటే బరువైనది. దీపన్ భార్య ఆ ప్రచురణ సంస్థను మూతపడనివ్వలేదు.

2016లో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పత్రిక నడిపిన జుల్హాజ్ మన్నాన్, రాజ్‌షాహీలో సంగీతాన్ని ప్రేమించిన ఆచార్యుడు రెజావుల్ కరీం సిద్దిఖీ ఇదే విధంగా హతులయ్యారు. జూలై 1 రాత్రి ఢాకా హోలీ ఆర్టిసాన్ బేకరీలో ఉగ్రవాదులు 20 మంది బందీలను, ఇద్దరు పోలీసు అధికారులను చంపారు. మృతుల్లో ఫరాజ్ హుస్సేన్ అనే బంగ్లాదేశ్ యువకుడూ ఉన్నాడు. అతడికి వెళ్లిపోయే అవకాశం దొరికినా, స్నేహితులను వదిలి రానన్నాడని బయటపడినవారు చెప్పారు.

మైనారిటీలపై దాడుల తీరు

గ్రామాల్లో హింస తరచూ ఒకే పద్ధతిలో నడుస్తుంది. ఎవరి పేరు మీదో ఇంటర్నెట్‌లో ఒక అవమానకర బొమ్మ కనబడుతుంది. అది ఎవరు పెట్టారో తేలకముందే మైకుల్లో పిలుపులు వినబడతాయి. గంటల్లో గుంపు చేరి గుడినీ ఇళ్లనూ తగలబెడుతుంది. 2012 సెప్టెంబరులో కాక్స్ బజార్ జిల్లా రామూలో శతాబ్దాల నాటి బౌద్ధ విహారాలు ఇలాగే బూడిదయ్యాయి. 2016లో నసీర్‌నగర్‌లో, 2021 అక్టోబరులో దుర్గాపూజ వేళ కొమిల్లాలో మొదలై పలు జిల్లాలకు పాకిన దాడుల్లో ఇదే తీరు. కొమిల్లా మండపంలో ఖురాన్ ప్రతిని పెట్టింది హిందువులు కాదని పోలీసు దర్యాప్తులో తేలింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఆవేశం వెనుక చాలాచోట్ల భూమి ఉంటుంది. 1965 భారత్-పాక్ యుద్ధకాలంలో భారత్‌కు వెళ్లినవారి ఆస్తులను శత్రువు ఆస్తులుగా ప్రకటించారు. 1974లో పేరు మార్చినా చట్టం సారం మారలేదు. అన్న వలసపోతే ఊళ్లోనే ఉన్న తమ్ముడి వాటా కూడా పోయిన సందర్భాలు కోకొల్లలు. అన్ని పార్టీల స్థానిక నాయకులూ ఆ భూముల్లో లబ్ధి పొందారు. 2001లో ఆస్తుల వాపసు చట్టం చేసినా అమలు నత్తనడకే. 1951లో జనాభాలో 22 శాతం ఉన్న హిందువులు 1974 నాటికి 13.5 శాతానికి, 2022 నాటికి 8 శాతం దిగువకు తగ్గారు. కాగితంలోని సమానత్వం ఇంటి గడప దాటి లోపలికి వచ్చిందా లేదా అన్నది ఈ అంకెలే చెబుతాయి.

కోర్టులు, చట్టాలు

లౌకికవాదం రాజ్యాంగంలోకి తిరిగి రావడానికి దారి ఒక సినిమా హాలు గొడవలోంచి పడింది. పాత ఢాకాలోని మూన్ సినిమా హాలును యుద్ధం తర్వాత ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యజమాని ఏళ్ల తరబడి పోరాడుతూ సైనిక ఉత్తర్వుల చెల్లుబాటునే ప్రశ్నించారు. 2005 ఆగస్టులో హైకోర్టు ఐదో సవరణ చెల్లదని తీర్పు చెప్పింది. 2010లో సుప్రీంకోర్టు అప్పీలు విభాగం ఆ తీర్పును ప్రధానంగా నిలబెట్టింది. 2011 జూన్ 30న పదిహేనో సవరణ లౌకికవాదాన్నీ 12వ అధికరణాన్నీ పునరుద్ధరించింది. అయితే రాజ్యమతంగా ఇస్లాంను అలాగే ఉంచి, ఇతర మతాలకూ సమాన హోదా ఉంటుందని చేర్చింది. లౌకిక రాజ్యం, రాజ్యమతం రెండూ ఒకే రాజ్యాంగంలో ఉండటం ఆ రాజీకి గుర్తు.

చట్టాలు రచయితను కాపాడలేదు సరికదా, కొన్ని అతడినే వెంటాడాయి. 2006 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 57వ సెక్షన్, 2018 డిజిటల్ భద్రతా చట్టం మత మనోభావాలు గాయపరచడాన్ని నేరంగా చూపి ఎందరినో జైలుకు పంపాయి. 2013లో హిఫాజత్ ఒత్తిడి నడుమ నలుగురు బ్లాగర్లను ప్రభుత్వమే అరెస్టు చేసింది. డిజిటల్ చట్టం కింద అరెస్టయిన రచయిత ముస్తాక్ అహ్మద్ 2021 ఫిబ్రవరిలో జైల్లో మరణించారు. అదే నెలలో అభిజిత్, దీపన్ హత్య కేసుల్లో దోషులకు మరణశిక్షలు పడ్డాయి. కానీ ఆ శిక్ష పడినవారిలో ఇద్దరు 2022 నవంబరులో ఢాకా కోర్టు ఆవరణ నుంచే తప్పించుకుపోయారు.

పార్టీల చేతిలో లౌకికవాదం

2001 ఎన్నికల తర్వాత బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ (బీఎన్‌పీ), జమాతే ఇస్లామీ కూటమి అధికారంలోకి వచ్చిన రోజుల్లో హిందువులపై విస్తృత దాడులు జరిగాయి. ఆ ప్రభుత్వ హయాంలో, 2005 ఆగస్టు 17న, ఉగ్రవాద సంస్థ జమాతుల్ ముజాహిదీన్ 64 జిల్లాల్లో 63 చోట్ల ఒకే రోజు బాంబులు పేల్చింది.

అవామీ లీగ్ తాను లౌకిక పార్టీనని చెప్పుకుంటూనే మతవాదులతో రాజీపడింది. 2017లో హిఫాజత్ కోరినట్టు పాఠ్యపుస్తకాల్లో మార్పులు వచ్చాయి. సుప్రీంకోర్టు ముందున్న న్యాయదేవత విగ్రహం చోటు మారింది. బ్లాగర్లు చనిపోతుంటే, హద్దు మీరి రాయవద్దని పోలీసు అధిపతి హితవు చెప్పారు. ఇంతకన్నా పెద్ద హాని మరొకటి ఉంది. ఎన్నికలను నామమాత్రం చేసి, ప్రత్యర్థులను జైళ్లలో పెట్టి, మనుషులను మాయం చేసిన పాలన తనను తాను లౌకికవాదపు ఏకైక రక్షకురాలిగా చూపించుకుంది. దాంతో ఆ పాలనపై ప్రజల్లో రగిలిన కోపంలో కొంత ఆ ఆదర్శం మీదికీ మళ్లింది.

2024 తర్వాత

2024 జూలైలో ఉద్యోగ రిజర్వేషన్లపై మొదలైన విద్యార్థి ఉద్యమం రక్తపాతం నడుమ ఆగస్టు 5న అవామీ లీగ్ నేత షేక్ హసీనా ప్రభుత్వాన్ని కూల్చింది. పోలీసులు కనబడని ఆ రోజుల్లో హిందువుల ఇళ్లపై, గుళ్లపై దాడులు జరిగాయి. ఆగస్టు 4 నుంచి 20 వరకు 2,010 ఘటనలు జరిగాయని ఐక్య మండలి లెక్కగట్టింది. వాటిలో ఎక్కువ భాగం రాజకీయ కక్షలని పోలీసులు తర్వాత అన్నారు. కారణం ఏదైనా భయపడింది పౌరులే. అదే రాత్రులలో విద్యార్థులు, వారితో పాటు మదరసా పిల్లలు, గుళ్ల ముందు కాపలా కాశారు. అప్పటి తాత్కాలిక ప్రభుత్వ సారథి మహమ్మద్ యూనుస్ ఢాకేశ్వరీ ఆలయానికి వెళ్లి భరోసా ఇచ్చారు.

2025 జనవరిలో రాజ్యాంగ సంస్కరణల సంఘం లౌకికవాదాన్ని మూల సూత్రాల నుంచి తీసేసి, సమానత్వం, మానవ గౌరవం, సామాజిక న్యాయం, బహుళత్వం, ప్రజాస్వామ్యం ఉండాలని సిఫారసు చేసింది. రాజ్యమతం జోలికి మాత్రం పోలేదు. ఇదే కాలంలో సూఫీ దర్గాలపై దాడులు పెరిగాయి. 2025 ఫిబ్రవరిలో తస్లీమా పుస్తకం పెట్టినందుకు ఏకుశే ప్రదర్శనలో ఒక స్టాలుపై గుంపు దాడికి దిగింది. డిసెంబరులో ‘ప్రథమ్ ఆలో’, ‘డైలీ స్టార్’ పత్రికల కార్యాలయాలకు నిప్పు పెట్టారు, ఛాయానట్ భవనాన్ని ధ్వంసం చేశారు.

మదింపు

ఈ చరిత్రలో మూడు విషయాలు స్పష్టం. మొదటిది, రాజ్యాంగ వాక్యం అవసరమే గానీ అది ఒక్కటే చాలదు. లౌకికవాదం రాజ్యాంగంలో ఉన్నప్పుడూ రచయితలు చనిపోయారు, లేనప్పుడూ రమ్నాలో పాట సాగింది. రెండోది, లౌకికవాదం ప్రజాస్వామ్యం నుంచి విడిపోతే నిలవదు. ప్రత్యర్థి నోరు నొక్కే ప్రభుత్వం ఆ సూత్రం పేరు వాడుకుంటే దానికి శత్రువులు పెరుగుతారే తప్ప రక్షణ పెరగదు. మూడోది, భూమి, పోలీసు రక్షణ, సత్వర విచారణ వంటి మామూలు పాలనాంశాల్లోనే మత సమానత్వం గెలుస్తుంది లేదా ఓడుతుంది. నసీర్‌నగర్‌లో దాడికి గురైన కుటుంబానికి రాజ్యాంగ పీఠికకన్నా ముందు కావలసింది, పుకారు పుట్టిన గంటలో ఊరికి చేరే పోలీసు వాహనం.

బంగ్లాదేశ్ లౌకికవాదుల్లో అత్యధికులు మతవిశ్వాసం ఉన్నవారే. నమాజు చేసి రమ్నాకు వచ్చేవారు, పూజ ముగించి షహీద్ మినార్‌కు నడిచేవారు. నాస్తికులకూ ఆస్తికులకూ సమానంగా మాట్లాడే హక్కు ఉండాలన్న వారి పట్టుదలే ఈ ఆదర్శానికి బలం. రాజ్యమతం ప్రశ్న, ఆస్తుల వాపసు, ఆదివాసీల గుర్తింపు, రచయితల హంతకుల శిక్ష ఇంకా తేలవలసే ఉన్నాయి. పేరు ఏదైనా, తన మతం వల్ల గానీ మతం లేకపోవడం వల్ల గానీ ఏ పౌరుడూ ఇల్లు వదిలి పారిపోనక్కర్లేని రోజు వచ్చేవరకు ఆ పని పూర్తయినట్టు కాదు.